కొయింబ్రాలో ఒక రోజు: గైడు ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కరలేదు

పోర్చుగల్‌లో లిస్బన్ నుంచి పోర్తోకు వెళ్లే దారిలో కొయింబ్రాలో ఒక రోజు ఆగాలనుకుంటున్నారని, అరవై దాటిన మీ అమ్మానాన్నలు వెంట ఉంటారని, గైడును మాట్లాడుకోవాలా లేక పటం చూసుకుంటూ మీ అంతట మీరే తిరగవచ్చా అని అడిగారు. విశ్వవిద్యాలయం ఉన్న గుట్టకూ, దాని వాలులోని పాత వీధులకూ మంచి గైడు తప్పక కావాలి. నది అవతలి ఒడ్డుకు అక్కరలేదు. పరిశోధన కోసం కొన్నేళ్లు ఆ ఊళ్లో ఉన్నవాణ్ని, ఆ తరువాత కూడా మనవాళ్లు వచ్చినప్పుడల్లా వెంట ఉండి చూపిస్తున్నవాణ్ని కనుక, ఎందుకలా అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఊరి అమరిక తెలియాలి. ఎస్త్రేలా పర్వతాల్లో పుట్టి, పోర్చుగల్ నేల దాటకుండానే సముద్రంలో కలిసే నదుల్లో అన్నిటికంటే పొడవైనది మొండేగో. దాని కుడి ఒడ్డున నిటారుగా ఒక గుట్ట ఉంటుంది. గుట్ట పైభాగాన్ని ఆల్తా అనీ, పాదం దగ్గరి బజారు ప్రాంతాన్ని బైషా అనీ అంటారు. పైన పాలకులు, మతాధికారులు, పండితులు ఉంటే కింద వర్తకులు, చేతివృత్తులవారు ఉండేవారు. మధ్యయుగాల నుంచీ ఇదే విభజన. రోమన్ల కాలంలో ఎమీనియం అనే పేరున్న పట్టణపు సభాస్థలి ఈ గుట్ట మీదే ఉండేది. తరువాత వచ్చిన ముస్లిం పాలకుల కోట ఈ గుట్ట కొమ్మునే లేచింది. 1064లో లియోన్ రాజు ఫెర్నాండో ఊరిని శాశ్వతంగా గెలుచుకున్నాక, మరుసటి శతాబ్దంలో పోర్చుగల్ తొలి రాజు అఫోన్సో ఎన్రీకెస్ ఆ కోటలోనే కాపురమున్నాడు. 1290లో దినీస్ రాజు లిస్బన్‌లో స్థాపించిన విశ్వవిద్యాలయం 1308లో కొయింబ్రాకు వచ్చి, ఆపై రెండు ఊళ్ల మధ్య పలుమార్లు అటూ ఇటూ మారి, చివరికి 1537లో మూడవ జొవావ్ రాజు హయాంలో ఇక్కడ స్థిరపడింది. తరగతులకు రాజు తన భవనాన్నే ఇచ్చాడు. 1597లో విశ్వవిద్యాలయం ఆ భవనాన్ని రాజు దగ్గర కొనుక్కుంది. కాబట్టి మీరు చూడబోయే ప్రాంగణంలో కోట, రాజనగరు, విద్యాలయం మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. తెలియనివారికి మాత్రం అక్కడ ఒక విశాలమైన ముంగిలి, చుట్టూ తెల్లని భవనాలు, ఒక పక్క నది మీదికి తెరుచుకున్న పిట్టగోడ తప్ప మరేమీ కనిపించవు. గైడు అవసరం అక్కడే మొదలవుతుంది.

అయితే గైడును వెతకడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది: జొవానినా గ్రంథాలయానికి ప్రవేశ సమయం ఖాయం చేసుకోవడం. విశ్వవిద్యాలయం అమ్మే టికెట్ మీద మిగిలిన భవనాలన్నిటినీ ఆ రోజు ఎప్పుడైనా చూడవచ్చు కానీ, గ్రంథాలయానికి మాత్రం ఒక నిర్ణీత సమయం ఉంటుంది, ఆ సమయం దాటితే లోపలికి వెళ్లడం కష్టం. వేసవిలో అప్పటికప్పుడు టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లినవారికి సాయంత్రం వేళ ఇస్తారు, లేదా అయిపోయాయని చెబుతారు. చాలామంది గైడును ముందు మాట్లాడుకుని, గ్రంథాలయపు వేళ దానికి కుదరక, యాత్ర మధ్యలో పరుగులు పెడతారు. మీరు ఉదయపు వేళను ఆన్‌లైన్‌లో తీసుకుని, ఆ వేళ చుట్టూ మిగిలిన రోజును అల్లుకోండి.

ఆ గ్రంథాలయం గురించి కొంత చెప్పాలి. బ్రెజిల్ బంగారం పోర్చుగల్‌కు ధారగా వస్తున్న రోజుల్లో, ఐదవ జొవావ్ రాజు పోషణలో 1717లో మొదలై 1728లో పూర్తయిన కట్టడం అది. మూడు పెద్ద గదులు వరుసగా ఒకదానిలోంచి ఒకటి తెరుచుకుంటాయి. ఆకుపచ్చ, ఎరుపు, నలుపు రంగుల పూత మీద చైనా శైలిలో బంగారు బొమ్మలు వేసిన అరలు రెండు అంతస్తుల ఎత్తున ఉంటాయి. చివరి గది గోడ మీద ఆ రాజు చిత్రపటం, చర్చిలో ప్రధాన పీఠం ఉండే చోట ఉన్నట్టు, ఉంటుంది. సుమారు 60,000 సంపుటాలు, ఎక్కువగా 16 నుంచి 18వ శతాబ్దం దాకా అచ్చయినవి, అక్కడ భద్రంగా ఉన్నాయి. 2 మీటర్లకు మించిన మందం గల గోడలు లోపలి వేడిని, తేమను ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంచుతాయి. పుస్తకాలను తొలిచే పురుగులను రాత్రివేళ తినే గబ్బిలాలు అక్కడ నివసిస్తాయనీ, వాటి రెట్టల నుంచి కాపాడడానికి పాత బల్లల మీద రాత్రి తోలు పరుస్తారనీ గైడులందరూ చెబుతారు. అది నిజమే, వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇవాళ ఏ ప్రయాణ పుస్తకంలో చూసినా అదే కథ ఉంది. గబ్బిలాల మీదే పావుగంట గడిపే గైడుకు మీరు డబ్బు ఇవ్వనవసరం లేదు. నా ఉద్దేశంలో అక్కడ అడగవలసిన విషయం కింది అంతస్తు. విశ్వవిద్యాలయానికి 1834 దాకా సొంత న్యాయాధికారం ఉండేది, తప్పు చేసిన విద్యార్థులను వేయడానికి సొంత చెర కూడా ఉండేది. రాజమందిరపు పాత చెరసాలను కలుపుకుని ఆ అందమైన గ్రంథాలయం కింద దాన్ని అమర్చారు. పైగదిలో మిమ్మల్ని కొద్ది నిమిషాలే ఉండనిస్తారు, అక్కడ గొంతెత్తి వివరించడానికి వీలుండదు. కాబట్టి గైడు చెప్పవలసినదంతా బయట ముంగిట్లోనే చెప్పి లోపలికి పంపాలి. అనుభవం ఉన్న గైడు అలాగే చేస్తాడు.

అదే టికెట్ మీద చూసే రాజభవనంలో, ఒకప్పుడు సింహాసనం ఉన్న సాలా దోస్ కపేలోస్ అనే మహాసభా మందిరం ముఖ్యం. ఇప్పటికీ డాక్టరేట్ పరీక్షలు, పట్టాల ప్రదానాలు అందులోనే జరుగుతాయి. గోడల పైభాగాన రాజుల నిలువెత్తు చిత్రాలు వరుసగా ఉంటాయి. మామూలు రోజుల్లో సందర్శకులు పై వసారా నుంచి కిందికి చూస్తారు. పరీక్ష ఉన్న రోజున మూసివేస్తారు. మూసి ఉంటే నిరాశ పడకండి, ఎందుకంటే అప్పుడు నల్లటి అంగీల మీద తమ విభాగపు రంగు కేపులు వేసుకున్న ఆచార్యులు ముంగిట్లో కనిపించే అవకాశం ఉంటుంది, నాకైతే ఖాళీ మందిరం కంటే అదే నచ్చుతుంది. సాన్ మిగేల్ ప్రార్థనాలయంలో 1733 నాటి ఆర్గన్ వాద్యం చూడదగినది. 34 మీటర్ల గంట గోపురం ఎక్కడానికి వేరే టికెట్ ఉంది. ఇరుకైన మెలి మెట్లు 180కి పైగా ఉంటాయి కనుక అమ్మానాన్నలను కింద నీడలో కూర్చోబెట్టి మీరు ఎక్కవచ్చు. తరగతి వేళలను తెలిపే ఆ గోపురపు గంటకు విద్యార్థులు మేక అని పేరు పెట్టుకున్నారు, ఆ పేరులోని విసుగు విడిగా వివరించనక్కరలేదు.

ఇక గైడు నిజంగా విలువ చేసే చోటికి వస్తాను. పాత ప్రాంగణపు తోరణం, అంటే 1634 నాటి పోర్తా ఫెర్రియా, దాటి బయటికి వచ్చిన వెంటనే ఒక వెడల్పాటి చదును వీధి, దాని ఇరువైపులా పెద్దపెద్ద రాతి భవనాలు, గోడల ముందు బరువైన విగ్రహాలు కనిపిస్తాయి. చాలామంది యాత్రికులు అక్కడ ఫొటో కూడా తీయకుండా గబగబా దాటిపోతారు. 1940ల దాకా అక్కడ ఇరుకు సందులతో, ఇళ్లతో, విద్యార్థుల బసలతో, అంగళ్లతో కిక్కిరిసిన పాత ఆల్తా ఉండేది. ఈ విశ్వవిద్యాలయంలోనే చదివి, ఇక్కడే అర్థశాస్త్రం బోధించి, ఆపై దేశాన్ని నియంతగా ఏలిన సలజార్ ప్రభుత్వం ఆ పేటలో అధిక భాగాన్ని పడగొట్టి, అక్కడి జనాన్ని ఊరి శివార్లలో కట్టిన కొత్త కాలనీలకు తరలించి, ఆ స్థలంలో వైద్య, సాహిత్య, విజ్ఞాన విభాగాల భవనాలను నిలబెట్టింది. కింది నుంచి ఆ భవనాల దగ్గరికి ఎక్కే 125 మెట్ల మహాసోపానం కూడా ఆ పనిలో భాగమే. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతంలో ఈ భవనాలు కూడా ఉన్నాయి. అందంగా లేవని వీటిని వదిలేసే గైడు ఊరి చరిత్రలో సగాన్ని వదిలేసినట్టే.

అదే వీధిలో గణిత విభాగం ఉంది. 1969 ఏప్రిల్ 17న దాని ప్రారంభోత్సవానికి దేశాధ్యక్షుడు అమెరికో తొమాస్ వచ్చినప్పుడు, విద్యార్థి సంఘాధ్యక్షుడు అల్బెర్తో మార్తిన్స్ లేచి విద్యార్థుల తరఫున మాట్లాడడానికి అనుమతి అడిగాడు. అనుమతి ఇవ్వలేదు సరికదా, ఆ రాత్రి అతన్ని అరెస్టు చేశారు. తరగతుల బహిష్కారం, పరీక్షల సమ్మె వరుసగా వచ్చాయి. ఆ జూన్‌లో విద్యార్థుల ఫుట్‌బాల్ జట్టు అకాదెమికా, లిస్బన్ శివారులో బెన్‌ఫికాతో పోర్చుగల్ కప్ అంతిమ పోటీ ఆడినప్పుడు ఆ మైదానమే నిరసన సభగా మారింది. అధ్యక్షుడు ఆ పోటీకి రాలేదు, టెలివిజన్‌లో చూపలేదు. అకాదెమికా అదనపు సమయంలో 2–1 తేడాతో ఓడిపోయింది. 5 ఏళ్ల తరువాత, 1974 ఏప్రిల్‌లో, ఆ పాలన కూలిపోయింది. ఆ భవనం ముందు నిలబెట్టి ఈ సంగతి చెప్పగలిగే గైడు దొరికితే, మీరు ఇచ్చిన రుసుము అక్కడికక్కడే చెల్లిపోయినట్టు. పైగా ఆ కాలం ఎరిగిన కుటుంబాలు ఊళ్లో ఇంకా ఉన్నాయి కాబట్టి, స్థానికుడైన గైడు చెప్పేటప్పుడు పుస్తకంలో లేని వివరాలు కూడా వస్తాయి.

అక్కడి నుంచి కొద్ది అడుగుల్లో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి సే నోవా, కొత్త ప్రధాన దేవాలయం. ఇది నిజానికి జెసూట్లు అనే క్యాథలిక్ మతబోధక సంఘం వారి కళాశాల కోసం 1598లో మొదలుపెట్టిన చర్చి. 1759లో రాజు ముఖ్యమంత్రి పోంబాల్ ఆ సంఘాన్ని దేశం నుంచి వెళ్లగొట్టాక, 1772లో బిషప్ పీఠం ఇక్కడికి మారింది. మనవాళ్లకు ఇందులో ఆసక్తి కలిగించే అంశం ఒకటుంది: 1542లో మొదలైన ఆ కళాశాల, తూర్పు దేశాలకు వెళ్లే మతబోధకులను తయారుచేసిన ప్రధాన కేంద్రాల్లో ఒకటి. గోవా మీదుగా చైనా చేరిన మత్తేయో రిచ్చి, భారతదేశానికి ఓడ ఎక్కడానికి ముందు 1577–78లో కొన్ని నెలలు ఈ ఊళ్లో గడిపాడు. తమిళనాడులోని ఓరియూరులో 1693లో శిరచ్ఛేదానికి గురైన జాన్ డి బ్రిట్టో కూడా కొయింబ్రాలో చదివినవాడే.

రెండోది మషాదో ద కాస్త్రో జాతీయ సంగ్రహాలయం. ఒక్క చోటికే సమయం ఉందంటే, గ్రంథాలయాన్ని కాదని ఇక్కడికే వెళ్లమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఇది పాత బిషప్ మందిరం. దాని కింద రోమన్లు కట్టిన రెండంతస్తుల కమాను సొరంగాలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాలుగా ఉన్న గుట్ట మీద సభాస్థలికి సమతల వేదిక కావాలి కనుక, కింద ఈ సొరంగాల దొంతరను కట్టి దాని మీద నేలను చదును చేశారు. రెండు వేల ఏళ్లుగా పైన ఎన్ని మారినా బరువును ఆ కమానులే మోస్తున్నాయి. ఊరి కథంతా అక్కడ ఒకే నిలువు గీతలో కనిపిస్తుంది. లోపల చల్లగా ఉంటుంది, జనం తక్కువ, లిఫ్టు కూడా ఉంది. పై అంతస్తుల్లో, 16వ శతాబ్దంలో హొదార్త్ అనే శిల్పి కాల్చిన మట్టితో చేసిన క్రీస్తు చివరి విందు బొమ్మలను చూడండి. విరిగిన ముక్కలుగా మిగిలినా, ఒక్కొక్క మొహంలోనూ ఒక్కో కలవరం కనిపిస్తుంది. సంగ్రహాలయపు ఫలహారశాల ముందరి చప్టా నుంచి పాత ఊరి కప్పులూ నదీ కనిపిస్తాయి. అమ్మానాన్నలకు విశ్రాంతి ఇవ్వడానికి అంతకంటే మంచి చోటు గుట్ట మీద లేదు. సోమవారాల్లో ఇది మూసి ఉంటుంది, అవతలి ఒడ్డున ఉన్న పాత సాంతా క్లారా మఠం కూడా అంతే. అందువల్ల మీ ఒక్క రోజు సోమవారం కాకుండా చూసుకోండి.

తరువాత దిగుడు. 12వ శతాబ్దపు సే వెల్యా, పాత ప్రధాన దేవాలయం, కొమ్ముల గోడలతో, చిన్న కిటికీలతో కోటలా నిలబడి ఉంటుంది. సరిహద్దు యుద్ధాలు ఇంకా ముగియని కాలంలో కట్టినది కనుక ఆ రూపం వచ్చింది. ఉత్తరపు గోడకు 16వ శతాబ్దంలో అతికించిన పునరుజ్జీవన శైలి ద్వారం ఆ బరువైన గోడ మీద నగలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాని రాయి బాగా అరిగిపోయింది కాబట్టి, ఎక్కడ ఏ బొమ్మ ఉండేదో గైడు వేలితో చూపితేనే తెలుస్తుంది. అక్కడి నుంచి కేబ్రా కోస్తాస్ అనే మెట్ల దారి అల్మెదీనా తోరణం గుండా బైషాలోకి దింపుతుంది. వీపు విరగ్గొట్టేది అని అర్థం వచ్చే పేరు దానిది, పేరుకు తగ్గట్టే వానాకాలంలో ఆ నున్నని సున్నపురాళ్లు జారుతాయి. రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి, దిగేటప్పుడు గోడ వైపు నడిపించండి.

కింద సాంతా క్రూజ్ మఠం ఉంది. 1131లో స్థాపించిన ఈ మఠపు చర్చిలో తొలి ఇద్దరు రాజులు, అఫోన్సో ఎన్రీకెస్, అతని కొడుకు సాంచో, సమాధై ఉన్నారు. 16వ శతాబ్దంలో మానుయెల్ రాజు వారికి కొత్త రాతి సమాధులు చేయించాడు. ఇటలీలోని పాదువా పేరుతో లోకానికి తెలిసిన సంత్ అంతోనీ ఈ మఠంలో చదువుకున్న తరువాతే, 1220లో, ఇదే ఊళ్లో ఫ్రాన్సిస్కన్ సంఘంలో చేరాడు. పక్కనే పాత చర్చి భవనంలో 1923 నుంచి నడుస్తున్న సాంతా క్రూజ్ కెఫేలో కాఫీ తాగుతూ పైకప్పు కమానులు చూడవచ్చు. అక్కడి నుంచి సాగే సోఫియా వీధిని గైడులు సాధారణంగా చూపరు. విశ్వవిద్యాలయం తిరిగి వచ్చిన రోజుల్లో కళాశాలల కోసం ప్రత్యేకంగా, ఆ కాలానికి అరుదైన వెడల్పుతో తీర్చిన వీధి ఇది, వారసత్వ జాబితాలోనూ దీని పేరుంది. ఇవాళ దుకాణాల బోర్డుల మధ్య పాత కళాశాలల ముఖద్వారాలను వెతుక్కోవాలి. మీ గైడుకు తీరిక ఉంటే ఒక్క పదిహేను నిమిషాలు ఇటు తిప్పమని అడగండి. అడిగినప్పుడు ఉత్సాహపడితే మంచి గైడు దొరికాడని అర్థం.

ఇప్పుడు ఎలాంటి యాత్ర కొనుక్కోవాలన్న ప్రశ్న. లిస్బన్ నుంచి బస్సులో బయల్దేరి, ఫాతిమా అనే క్రైస్తవ యాత్రాస్థలాన్నీ కొయింబ్రానూ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీలను పూర్తిగా మానుకోండి. కొయింబ్రాకు మిగిలే కాస్త సమయంలో ప్రాంగణం చూసి బస్సెక్కడమే అవుతుంది. బైషాలోని పోర్తాజెం చౌకు దగ్గర ఉదయం మొదలై, చివరిలో ఇష్టమున్నంత ఇచ్చే నడక యాత్రలు ఉన్నాయి. ఒంటరిగా తిరిగే యువకులకు అవి చక్కగా సరిపోతాయి కానీ, సాధారణంగా భవనాల లోపలికి తీసుకువెళ్లవు, పైగా కింద మొదలై పైకి ఎక్కిస్తాయి. టుక్‌టుక్‌లను వాహనాలుగా వాడుకోండి, చరిత్ర చెప్పేవిగా కాదు. విశ్వవిద్యాలయమే ముందస్తు బుకింగుతో నడిపే సందర్శనలు ప్రాంగణం వరకు నమ్మదగినవి, ఊరి సంగతులు మాత్రం వాటిలో ఉండవు.

మీలాంటి కుటుంబానికి నేను సూచించేది మీకు మాత్రమే పరిమితమైన సగం రోజు గైడు. దానికి సౌఖ్యం మాత్రమే కారణం కాదు. గైడు ఇంగ్లీషులో చెబుతాడు, అమ్మానాన్నలకు మీరు తెలుగులో చెప్పాలి. ఇరవై మంది గుంపులో ఉంటే మీరు తెలుగులో ఒక వాక్యం పూర్తిచేసేలోగా గైడు మరో రెండు చెప్పేసి తరువాతి మూలకు వెళ్లిపోతాడు. చివరికి మీరూ వినరు, వాళ్లకూ అందదు. మీ ఒక్క కుటుంబమే ఉంటే ఆగి చెప్పమని ముందే కోరవచ్చు. అలా ఆగుతూ వెళితే మూడు గంటల యాత్ర నాలుగు గంటలకు పైనే పడుతుంది కనుక, బుక్ చేసేటప్పుడే ఆ సంగతి చెప్పి వేళ పెంచుకోండి. నడక పై నుంచి కిందికి ఉండాలని, కలుసుకునే చోటు పోర్తా ఫెర్రియా దగ్గర పెట్టమని అడగండి. ప్రవేశ టికెట్లు రుసుములో కలిసి ఉన్నాయో లేదో, గ్రంథాలయపు వేళ ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా తేల్చుకోండి. కూల్చివేతకు ముందు ఆల్తా ఎలా ఉండేదో పాత ఛాయాచిత్రాలు చూపిస్తారా అని కూడా అడిగి చూడండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి, కంఠస్థం చేసి అప్పజెప్పేవారెవరో, ఊరు తెలిసినవారెవరో చాలా వరకు తెలిసిపోతుంది.

అవతలి ఒడ్డుకు గైడు అక్కరలేదన్నాను, ఎందుకంటే అక్కడి కథ ఒకటే, అది మీరు ముందే చదువుకుని వెళ్లగలిగినది. యువరాజు పెద్రో తన భార్య పరివారంలో వచ్చిన గలీసియా స్త్రీ ఇనెస్ ద కాస్త్రోను ప్రేమించడం, ఆమె బంధువుల పలుకుబడికి భయపడిన అతని తండ్రి నాలుగవ అఫోన్సో 1355 జనవరి 7న ఆమెను కొయింబ్రాలో చంపించడం, పెద్రో రాజయ్యాక హంతకులను పట్టించి శిక్షించడం చరిత్ర. లాగ్రిమాస్ తోటలోని ఊట ఆమె కన్నీళ్లదని, రాళ్ల మీది ఎర్రదనం ఆమె నెత్తురని చెప్పేది మాత్రం కథ. ఆ ఎరుపు నాచు వల్ల వచ్చేది. ఇద్దరి సమాధులూ ఇక్కడ లేవు, అల్కొబాసా మఠంలో ఉన్నాయి. తోట చల్లగా, ప్రశాంతంగా ఉంటుంది, వెళితే వెళ్లండి. కానీ నన్నడిగితే ఆ సమయాన్ని పాత సాంతా క్లారా మఠానికి ఇవ్వండి. 14వ శతాబ్దంలో ఇసబెల్ రాణి ఆదరణతో లేచిన ఆ మఠాన్ని మొండేగో వరదలు ఏటా ముంచెత్తుతుంటే, అక్కడి సన్యాసినులు చర్చి మధ్య ఎత్తులో మరో నేల వేసుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. చివరికి 1677లో కొండ మీది కొత్త మఠానికి తరలిపోయారు. బురదలో సగం పూడిపోయిన ఆ కట్టడాన్ని ఇటీవలి దశాబ్దాల్లో తవ్వి, నీటిని తోడి, 2009లో సందర్శకులకు తెరిచారు. గోడల మీద నీటి గుర్తులు, పైనేల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడి ప్రదర్శనశాలలో వివరాలు చక్కగా రాసిపెట్టారు కనుక గైడుతో పనిలేదు. రాణి భౌతికకాయం పైనున్న కొత్త మఠంలో వెండి పేటికలో ఉంది. 1625లో పునీతురాలిగా ప్రకటించిన ఆమెను ఊరి రక్షకురాలిగా కొలుస్తారు. ఆ కొండ ఎక్కడానికి టాక్సీ తీసుకోండి.

సాయంత్రానికి ఫాదో, అంటే గిటారుతో పాడే పోర్చుగీసు సంప్రదాయ గానం. లిస్బన్ ఫాదో తాగుడు అంగళ్లలో, పేద పేటల్లో పెరిగితే, కొయింబ్రా ఫాదో విద్యార్థులది. సంప్రదాయం ప్రకారం నల్లని అంగీ కప్పుకున్న మగవారే పాడతారు, ఇక్కడి గిటారును లిస్బన్ గిటారు కంటే ఒక స్వరం కింద శ్రుతి చేస్తారు. పాట ముగిశాక చప్పట్లకు బదులు గొంతు సవరించుకున్నట్టు దగ్గడం పాత రివాజు. పాత ఊళ్లోని చిన్న సభాశాలల్లో సాయంత్రం 6 గంటల ప్రాంతంలో సుమారు గంటసేపు సాగే కచేరీలు ఉంటాయి. భోజనంతో ముడిపెట్టని ఆ కచేరీలే మంచివి, రాత్రి బాగా పొద్దుపోయేదాకా కూర్చోవలసిన పని కూడా ఉండదు. ఇందుకోసమైనా ఒక రాత్రి కొయింబ్రాలో బస చేయడం మేలు. సామాను హోటల్లో పడేసి తిరగవచ్చు, పర్యాటక బస్సులు వెళ్లిపోయాక పాత వీధులు ఊరివారికి దక్కుతాయి.

ఏ నెలలో వెళ్తున్నారో మీరు రాయలేదు. ఆగస్టులో విద్యార్థులు ఉండరు, ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. గ్రంథాలయం నిండుగా, ఊరు ఖాళీగా ఉంటుంది. నల్లని అంగీల విద్యార్థులను చూడాలంటే అక్టోబరు నుంచి మే మధ్యలో వెళ్లాలి. మే మొదట్లో జరిగే కేయిమా దస్ ఫీతస్ పండుగ సే వెల్యా మెట్ల మీద అర్ధరాత్రి గానసభతో మొదలవుతుంది. వైద్యానికి పసుపు, న్యాయశాస్త్రానికి ఎరుపు ఇలా విభాగాల వారీ రంగు రిబ్బన్లతో ఊరేగింపులు సాగుతాయి. అది చూడదగినదే, కానీ పెద్దవాళ్లతో వెళ్లదగినది కాదు. గదులు దొరకవు, రాత్రిళ్లు నిద్ర ఉండదు.

భోజనం సంగతి. ఆ ప్రాంతపు పేరున్న వంటకాలు ఎర్రని ద్రాక్షసారాయిలో మట్టి కుండలో వండిన మేకమాంసం, బైరాదా వైపు నుంచి వచ్చే పందిపిల్ల కాల్పు. మీ అమ్మానాన్నలు శాకాహారులైతే ఆకుకూర, బంగాళాదుంప పులుసు అయిన కాల్దో వెర్దె కూడా సురక్షితం కాదు. అందులో పంది సాసేజీ ముక్క వేసి ఇవ్వడం ఆనవాయితీ కనుక, అది లేకుండా ఇమ్మని ఆర్డరు చేసేటప్పుడే చెప్పాలి. మఠాల నుంచి వచ్చిన మిఠాయిలు, ఉదాహరణకు సాంతా క్లారా పేస్ట్రీ, తెంతుగాల్ పొరల పేస్ట్రీ, గుడ్డు పచ్చసొనతో చేసినవి. విద్యార్థుల ఊరు కాబట్టి మాంసం లేని భోజనం దొరకడం కష్టమేమీ కాదు, సంప్రదాయ హోటళ్లలో కంటే కొత్త తరహా చిన్న కెఫేల్లో వెతకండి.

దూరప్రయాణపు రైళ్లు కొయింబ్రా-బి స్టేషన్‌లో ఆగుతాయి. అది ఊరి నడిబొడ్డుకు సుమారు 2 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి నేరుగా విశ్వవిద్యాలయం దాకా టాక్సీ మాట్లాడుకోండి, ఆ ఒక్క ఎక్కుడు తప్పితే మిగిలిన రోజంతా దిగుడే. మరుసటి ఉదయం ఖాళీ ఉంటే, దక్షిణంగా దాదాపు 16 కిలోమీటర్లలో కొనింబ్రిగా రోమన్ శిథిలాలు ఉన్నాయి. ఫౌంటెన్ల ఇంటి మొజాయిక్ నేలలూ, దాడుల భయంతో సంపన్నుల ఇళ్లను మధ్యకు చీల్చి హడావిడిగా కట్టిన ప్రాకారమూ అక్కడ చూడాలి. ముందురోజు సంగ్రహాలయం కింది సొరంగాలు చూసినవారికి అక్కడ గైడు లేకున్నా అర్థమవుతుంది. నీడ తక్కువ కాబట్టి ఎండ ముదరక ముందే వెళ్లి, మధ్యాహ్నపు రైలుకు పోర్తో బయల్దేరవచ్చు.